రూతమ్మగారి పుస్తకంలో చివరి పేజీ

గురువారం, సాయంత్రం నాలుగున్నర: పక్కపక్కనే ఉంటాయని స్టేడియంవారు ఈమెయిల్‌లో రాసి ఇచ్చిన ఆనాటి మా రెండు సీట్లు వేర్వేరు వరుసల్లో తేలాయి. నోటిమాటగా క్షమాపణ చెప్పారు, రాసి ఇవ్వలేదు.

శుక్రవారం, ఉదయం పది: ఆ సంగతిపై నేను ఇచ్చిన ఫిర్యాదు అందినట్లు సంతకం చేయటానికి కౌంటర్‌లోని ఉద్యోగి నిరాకరించాడు.

శనివారం, సాయంత్రం ఐదుంబావు: ప్రవేశద్వారం దగ్గర భద్రతా ఉద్యోగి నా చేతిలోని నీలి అట్ట పుస్తకాన్ని లాక్కున్నాడు. ఆట ముగిశాక అది తిరిగి రాలేదు.

ఈ మూడు పద్దులూ రాసి తల ఎత్తేసరికి, కుర్చీ వీపుకు తగిలించిన ఉన్ని టోపీ నుంచి మంచు వాసన వచ్చింది. మంచుకు వాసన ఉండదని అనేవారు ఐస్ హాకీ మైదానం పక్కన కూర్చుని ఉండరు. ఆట విరామంలో ఒక బండి మెల్లగా తిరుగుతూ, గీతలు పడిన మంచుపై వేడినీటి పొర పరుస్తుంది. ఆ నీరు గడ్డకట్టే క్షణంలో తడి ఇనుములాంటి, వాన వెలిసిన వేకువలాంటి వాసన ఒకటి పైకి లేస్తుంది. ఆ వాసనతోపాటు రూతమ్మగారు కూడా లేచి వచ్చారు: ఆకుపచ్చ స్వెటర్, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, ఒళ్ళో ఆ నీలి పుస్తకం.

అమెరికాలో ఆమె నా మొదటి పై అధికారి. క్యారీ అనే ఊరికి దగ్గరలోని ఒక మందుల కంపెనీలో నాణ్యతా విభాగం ఆమె చేతికింద ఉండేది. నేను చేరిన రెండో వారంలో ఒక యంత్రం ఉష్ణోగ్రతను ఆరు అని రాసి, పొరపాటు తెలిసి, దానినే దిద్ది ఎనిమిది చేశాను. ఆమె ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"ఏమండీ, ఇది ఆరా, ఎనిమిదా?"

"ఎనిమిదండీ, మేడమ్."

"మరి కింద ఆరు తొంగి చూస్తంది ఎందుకండీ? తప్పు రాశారు, ఓకే. నేనూ రాస్తాను. దాచిపెట్టారు చూడండి, అదీ నా గొడవ. ఒక్కటే గీత కొట్టండి. కింద ఉన్నది చదవటానికి రావాల. పక్కన కరెక్ట్ నంబర్, సంతకం, డేట్. అయిపోయింది, టీ తాగుదాం పదండి."

అప్పటికే నలభై ఏళ్ళు దాటిన మనిషిని, స్వదేశంలో ఒక విభాగాన్ని నడిపి వచ్చినవాణ్ణి. ఆ టీ నాకు చేదుగానే దిగింది. కానీ ఆనాటి నుంచి నేను ఏ తప్పునూ దిద్ది కప్పలేదు. ఏ వస్తువునూ చీటీ లేకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు. మొన్నటి శనివారం వరకు.

కళాశాలల ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్‌కు నన్ను మొదటిసారి తీసుకువెళ్ళింది ఆమే. దేశమంతటి నుంచి మిగిలిన నాలుగు జట్లు గురువారం సెమీఫైనల్స్ ఆడతాయి, శనివారం ఫైనల్. ఆ ఏడాది ఆమె కళాశాల ఆ నాలుగింటిలో లేదు. అయినా ఆమె దాని స్వెటర్ వేసుకునే వచ్చారు. చుట్టూ చూస్తే వందలమంది అలాగే ఉన్నారు. ఎప్పుడో ఓడి ఇంటికి పోయిన జట్ల జెర్సీలు తొడుక్కుని, పేర్లు తెలియకుండానే ఒకరినొకరు పలకరించుకుంటున్నారు.

"మీ కాలేజీ ఆడటం లేదు కదా మేడమ్, ఈ స్వెటర్ ఎందుకు?" అని అడిగాను.

"మనింట్లో పెళ్ళయితేనే పట్టుచీర కడతామా ఏంటి?" అన్నారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆ పుస్తకంలో ప్రతి ఆటకూ ఒక పేజీ. గోల్ వేసినది ఎవరు, అందించినది ఎవరు, తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చున్నది ఎవరు. అంతా సిరాతో, గడియారంలోని సమయంతో. ఆట అయిపోగానే పార్కింగ్ రద్దీకి భయపడి నేను లేచాను. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగారు. "కూర్చోండి, కూర్చోండి. ఇంకా అవలేదు." కింద రెండు జట్లూ ఎదురెదురుగా వరుస కట్టి, మెల్లగా జారుతూ, ఒక్కొక్కరూ ఒక్కొక్కరి చెయ్యి కలుపుతున్నారు. వరుస చివరి మనిషి దాటిన తరువాతే ఆమె సమయం చూసి, పేజీ అడుగున 'చేతులు కలిపారు' అని తెలుగులో రాసి సంతకం చేశారు.

ఆ ఆట పిచ్చి ఆమెకు ఎలా పట్టుకుందో ఒకసారి విరామంలో చెప్పారు. ఉత్తరాన మంచు కురిసే ఒక చిన్న ఊరికి ఎమ్మెస్ చదవటానికి వచ్చిన మొదటి చలికాలం. కారు లేదు, చర్చికి పోవాలన్నా ఎవరో ఒకరు ఎక్కించుకోవాలి. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతున్నట్లుండే ఆ ఊళ్ళో దీపాలూ మనుషులూ ఉన్న చోటు హాకీ మైదానమొక్కటే. "లోపలికి పోయి చూస్తే, మా నాన్న పనిచేసిన ఉప్పుమడులేనండీ! తెల్లగా, బల్లపరుపుగా, పైన వెలుతురు తేలతా. ఆ రోజు ఇంక ఏడవలేదు." అది విన్నాక నాకు మంచు మంచులా కనిపించటం మానేసింది. ఇప్పటికీ బండి తిరిగి వెళ్ళాక, ఆ మెరిసే తెలుపుపై ఎవరో పార భుజాన వేసుకుని నడిచిపోతున్నట్లుంటుంది. ఆటగాళ్ళు వచ్చేసరికి ఆ మనిషి గట్టు దాటి మాయమవుతాడు.

పోయిన అక్టోబరులో, మంచం మీద నుంచే, ఆమె ఆ పుస్తకం నా చేతికిచ్చారు. "ఒక్క పేజీ మిగిలిందండీ. మావాళ్ళు ఫైనల్‌కి వస్తే వాళ్ళది రాయండి. రాకపోతే ఎవరు వస్తే వాళ్ళది రాయండి. ఖాళీ మాత్రం వదలొద్దు." వారం తిరగకుండానే ఆమె వెళ్ళిపోయారు.

ఈ ఏడాది వాళ్ళు వచ్చారు. ఆమె పుస్తకం తెరిచిన నాటి నుంచి ఒక్కసారీ ఫైనల్ చేరని ఆ ఆకుపచ్చ జట్టు చేరింది. ఆమె కూతురు సారా, నేను కలిసి వెళ్ళాం. సారా తల్లి స్వెటర్ వేసుకుంది. శనివారం నేను పుస్తకాన్ని బట్టసంచిలో పెట్టుకుని ద్వారం దగ్గరికి వెళితే, పారదర్శకమైన సంచులు తప్ప లోపలికి పోనివ్వరన్నారు. పుస్తకం ఒక్కటే చేత్తో తీసుకుపోతానని అనవచ్చు. ఆ ముక్క నాకు అప్పుడు తోచలేదు. సంచి బల్లపై పెట్టి, ఆట అయ్యాక తీసుకోమన్నారు. లోపల జాతీయగీతం మొదలైంది. "అంకుల్, ఫాస్ట్‌గా రండి, స్టార్ట్ అయిపోతుంది!" అంటూ సారా చెయ్యి ఊపింది. నేను పరుగెత్తాను.

అదనపు సమయంలో ఒక్క గోల్ తేడాతో ఆకుపచ్చ జట్టు ఓడిపోయింది. మా చుట్టూ జనం లేస్తున్నారు. మేము లేవలేదు. ఓడినవాళ్ళు మోకాళ్ళమీద కాసేపు ఉండి, లేచి, వరుస కట్టారు.

"అంకుల్, ఏడుస్తున్నారు, బట్ హ్యాండ్స్ ఇస్తున్నారు చూడండి," అంది సారా. తరువాత, "అమ్మ ఇప్పుడు టైమ్ రాసేది కదా? మనం ఎక్కడ రాస్తాం?"

చిరుతిండి తినగా ఖాళీ అయిన అట్టపెట్టె ఒకటి ఆమె ఒళ్ళో ఉంది. దానిని విప్పి చదును చేసి నా ముందుంచింది. "ఇంక్‌తోనే రాయండి. పెన్సిల్ చూస్తే అమ్మ తిడుతుంది." నేను రాశాను. మేమిద్దరం సంతకం చేశాం. బయటికి వచ్చేసరికి ద్వారం దగ్గర బల్ల లేదు.

ఇప్పుడు పైన రాసిన మూడో పద్దుపై ఒక్కటే గీత కొడుతున్నాను. అది చదవటానికి వీలుగా ఉండాలి కనుక పైన అలాగే ఉంచాను. సరైనది ఇది: ఆ పుస్తకాన్ని ఎవరూ లాక్కోలేదు. నేనే ఇచ్చాను. చీటీ అడగలేదు. సంతకం నాదే.

మిగిలిన రెండు పద్దులనూ ఉపసంహరించుకుంటున్నాను. స్టేడియం నిర్వాహకులను నేను కోరేది ఒక్కటే: శనివారం ద్వారం దగ్గరి బల్లపై ఉన్న వస్తువులను ఎవరు, ఎక్కడికి తరలించారో, వాటిలో నీలి అట్ట పుస్తకం ఉన్నదో లేదో నాకు తెలియజేయాలి. దొరికితే దాని చివరి పేజీ ఖాళీగా ఉంటుంది. దయచేసి అందులో ఎవరూ ఏమీ రాయవద్దు. అక్కడికి ఎక్కించవలసినది మా దగ్గర, ఒక అట్టముక్కపై, సిరాతో సిద్ధంగా ఉంది. జవాబు నోటిమాటగా కాక, రాతపూర్వకంగా, సంతకంతో, తేదీతో పంపగలరు.