బాబాయి వైపు దవడ

మా పిన్నిని ఇంటా బయటా మొసలమ్మ అంటారు. మ్యూజియం వెనకగదిలో కూర్చుని, రాతిలో కూరుకుపోయిన ఎముకలను సూదితో, కుంచెతో బయటికి తీయడం ఆమె పని. మాట పెళుసు. ఆమె కంటతడి పెట్టగా చూసినవాళ్లు లేరు.

బాబాయిదీ అదే పని, అదే బల్ల. ఆఖరున వాళ్ల చేతికి వచ్చింది ఒక పెద్ద పుర్రె. తొలి మొసళ్లకు దగ్గరి చుట్టమట. మొసలిలా పాకేది కాదు. నిటారు కాళ్ల మీద నడిచి, డైనోసార్లు ఇంకా చిన్నప్రాణులుగా ఉన్న రోజుల్లో వాటినే వేటాడి తినేదట. అలాంటిదాన్ని మొగుడూ పెళ్లాం పంచుకుని చెరోవైపు కూర్చున్నారు. కుడి దవడ పిన్నిది, ఎడమ దవడ బాబాయిది. "నీ వైపు పళ్లు వంకర" అని ఆయనంటే, "మీ చూపే వంకర" అనేది పిన్ని.

ఎడమ దవడ సగంలో ఉండగా, గుండె ఆగి బాబాయి పోయాడు.

కర్మలు కాగానే పిన్ని పనికి వెళ్లిపోయింది. రాతిగుండె అన్నారు చుట్టాలు. వాళ్ల నోళ్లు పడిపోను, ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చుంటే తెలిసేది. పలకరించే మనిషి లేడు. ఒక్క కంచం కడిగితే వంటిల్లు సర్దినట్టే. "పొయ్యి వెలిగించబుద్ధి కాదే" అనేది నాతో.

మిగిలిన పనంతా ఆమే చేసింది. ఎడమ దవడ చివర అరచేయంత రాయిని మాత్రం ముట్టుకోలేదు. బాబాయిది ఎడమచేతి వాటం. ఆయన సూదిగీతలు పిన్ని గీతలకు ఎదురు వాలుగా, ఆ రాతి మీదే మిగిలాయి. రాయి తీసేస్తే అవీ పోతాయి.

ప్రదర్శన దగ్గరపడ్డాక పెద్దాఫీసరు వచ్చి, "ఆ ముక్క వదిలేశారేమమ్మా?" అని అడిగాడు.

"దాని కింద ఎముక పిండైపోయిందండీ. రాయి తీస్తే దవడ ఊడొస్తుంది."

ఆమె మాటను అనుమానించినవాళ్లు అక్కడ లేరు. పుర్రెను ఎడమ దవడ గోడవైపు ఉండేలా తిప్పి నిలబెట్టారు.

రిటైరయ్యాక కూడా పిన్ని టికెట్టు కొనుక్కుని వెళ్తూనే ఉంది. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. జనమంతా పళ్ల ముందు నోరు తెరుచుకుని నిలబడితే, తను గోడసందులోకి దూరి, కళ్లజోడు సవరించుకుని ఆ రాతినే చూస్తూ ఉండిపోయింది. నేనూ వెనకే దూరాను.

"ఎముక నిజంగా అంత పిండైందా పిన్నీ?"

"ఎముకకేమే, గట్టిగానే ఉంది" అంది. "నాకే చేతులాడలేదు."