కంపెనీని తెచ్చిన కౌసల్యమ్మ

లక్డారం అవతల ఓ పల్లెకు సర్పంచిగా ఉన్నప్పుడు కౌసల్యమ్మకు ఒకటే పట్టుదల: ఊరికి ఒక కంపెనీ రావాలి. పిల్లలు పటాన్‌చెరు అడ్డా మీద కూలి కోసం నిలబడకూడదు. సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగింది. రోడ్డు వేయించింది, కరెంటు లైను తెప్పించింది. భూములివ్వడానికి జనం వెనకాడితే ముందుగా తన చెలకనే ఇచ్చింది.

మందుల కంపెనీ వచ్చింది. ఆమె చేతనే కొబ్బరికాయ కొట్టించారు. కొడుకు అనిల్‌కు అందులో ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. ఊళ్లో ఇంకొందరికి గేటు దగ్గర, తోటలో పని ఇచ్చారు. మిగతా పనులకు కాంట్రాక్టరు ఒడిశా నుంచి మనుషుల్ని దింపాడు.

ఆమె పదవి దిగిన కొన్నేళ్లకు బోరు నీళ్లు పసుపు తిరిగాయి. సాయంత్రమైతే ఘాటు వాసనకు తలుపులు మూసుకోవాల్సి వచ్చేది. అంతలో కంపెనీ ఇంకో ప్లాంటు కడతానంది. ప్రజాభిప్రాయ సేకరణ ఉందని అధికారులు చాటింపు వేయించారు.

సేకరణ రోజు పొద్దున్నే పక్కింటి రామన్న వచ్చాడు.

"అక్కా, కంపెనీని నువ్వే తెస్తివి. ఇగ వద్దని నువ్వే చెప్పాలె. మా మాట ఎవలు ఇంటరు?"

ఆయన అటు వెళ్లగానే మేనేజర్ సూర్యప్రకాశరావు కారు దిగాడు.

"మీరు రెండు మంచి మాటలు చెబితే చాలండి. అనిల్ కూడా మా దగ్గరే ఉన్నాడు కదా," అన్నాడు నవ్వుతూ.

అనిల్ తలెత్తకుండా అన్నం తింటున్నాడు. మేనేజర్ వెళ్లాక, "నేను మానేస్తనే అమ్మా," అన్నాడు.

"మానేసి యాడికి పోతవురా? ఎవుసం చేద్దమంటే చెలకేది?"

షామియానా కింద ఆమె చేతికి మైకు ఇచ్చారు. ఒకపక్క రామన్న, ఇంకోపక్క యూనిఫాంలో కొడుకు.

"ఈ కంపెనీని నేనే తెచ్చిన..." అంది. వద్దంటే కొడుకు పని పోతుంది. కావాలంటే ఊరికి ఆ నీళ్లే మిగులుతాయి. మైకు పక్కన పెట్టి కూర్చుంది.

"మాజీ సర్పంచిగారికి అభ్యంతరం లేదు," అన్నాడు అధికారి, పక్కన రాసుకుంటున్న గుమాస్తాతో.

ఆమెకు వినపడింది. "నేనట్ల అనలే సారూ!" అని లేచింది. అప్పటికే మైకు ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది.

రెండో ప్లాంటు గోడలు లేస్తున్నాయి. రామన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. అనిల్ షిఫ్టుకు వెళ్తూనే ఉన్నాడు. కంపెనీ పెట్టించిన ఫిల్టరు దగ్గర కౌసల్యమ్మ బిందెతో నిలబడితే ముందున్న ఆడవాళ్లు పక్కకు జరుగుతారు. "ముందుగాల నువ్వు పట్టుకో అక్కా, నీ కంపెనీ నీళ్లే గద," అంటారు.

ఆమె పట్టుకునే వస్తుంది. ఊళ్లో తాగడానికి వేరే నీళ్లు లేవు.