రెండో గుమ్మం

ఎగువ ప్రాంతం వాళ్ళ గొప్పలకు అంతు లేదు. దేశం మొత్తంలో విడాకులు అతి తక్కువగా ఉండేది తమ దగ్గరేనన్నది అందులో పెద్ద గొప్ప. ఏడాదికోసారి పేపర్లో ప్రాంతాలవారీ లెక్కలు పడగానే సెలూనాయన కత్తెర పక్కన పెట్టి, కుర్చీలో ఉన్నవాడు వింటున్నాడా లేదా అని కూడా చూడకుండా పైకి చదివేవాడు. దిగువ పట్నాల్లో వందకు పదిహేను కాపురాలు కోర్టుకెక్కుతున్నాయట, మన దగ్గర వందకు ఒకటైనా లేదట. అలా చదివి, దిగువవాళ్ళ మీద కాసేపు జాలిపడి, మళ్ళీ కత్తెర అందుకునేవాడు.

ఈ ఘనతలో సగం వాటా మేస్త్రీది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఎగువన మొగుడికీ పెళ్ళానికీ పడకపోతే కోర్టుకు వెళ్ళరు, మేస్త్రీకి కబురు పెడతారు. అతను వచ్చి ఇంటి నడిమధ్య ఒక సన్న గోడ లేపి, సందు వైపు ఇంకో గుమ్మం పెడతాడు. ఆ రోజు నుంచి ఆయన ముందు గుమ్మం, ఆవిడ వెనక గుమ్మం. ఎవరింట్లోనైనా పెళ్ళి జరిగితే జంటగా వెళ్ళి, పక్కపక్కన కూర్చుని భోంచేసి, తిరిగొచ్చి ఎవరి గుమ్మంలో వాళ్ళు దూరిపోతారు. సర్కారు లెక్కలో వాళ్ళు నిక్షేపంగా కాపురం చేసుకుంటున్నట్టే. ఆ మాటకొస్తే సెలూనాయన ఇంట్లోనూ అలాంటి గోడ ఒకటుంది. కట్టి చాలా ఏళ్ళయింది.

మేస్త్రీ నోరున్న మనిషి. తన చెయ్యి పడ్డ కాపురం ఒక్కటీ కోర్టు గడప తొక్కలేదని, పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఆ మాట అనలేరని వేళాకోళమాడేవాడు. అల్లుడు ఫోన్ చేసిన రోజు ఆ నోరు పడిపోయింది.

కూతురికీ అల్లుడికీ కొట్లాటలేమీ లేవు. ఒకరంటే ఒకరికి గిట్టలేదు, అంతే. ఏడాదిగా మాటల్లేవు. ఇంట్లో గోడ పెట్టించుకుందామనుకుంటున్నామని, వేరేవాళ్ళయితే దుమ్ము రేపి వీధి వీధంతా తెలిసేలా చేస్తారని, మామయ్య అయితే గుట్టుగా కానిచ్చేస్తారని అల్లుడు మర్యాదగానే చెప్పాడు. మేస్త్రీ భార్య కాసేపు ఏడ్చింది. ఆనక కళ్ళు తుడుచుకుని, కోర్టుల చుట్టూ తిరగడం కంటే అదే నయమని, పిల్ల పరువు దక్కుతుందని, వెళ్ళి కట్టి రమ్మంది. మేస్త్రీ తాపీ, రసమట్టం సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

అల్లుడు తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, తప్పుకుని వరండాలో కూర్చున్నాడు. కూతురు మందుల షాపులో పని ముగించుకుని అప్పుడే వచ్చింది. చిన్నప్పుడు బడి లేనప్పుడల్లా ఆ పిల్ల నాన్న వెంట పనికి వెళ్ళి గోడ వరసకు లాగే దారం కొస పట్టుకునేది. ఇప్పుడూ అడక్కుండానే కొస అందుకుని అవతలి గోడ దగ్గర గొంతుక్కూర్చుంది. దారం బిగిసింది. కిటికీ ఒకవైపు పడింది, నీళ్ళ కుళాయి ఇంకోవైపు పడింది.

“నాది ఏ వైపు నాన్నా?” అంది.

ఊరందరినీ అతను అడిగే ప్రశ్నే అది. కిటికీ ఎవరికి, కుళాయి ఎవరికి అని అడిగి, నవ్వించి, ఒప్పించి మరీ కట్టేవాడు. ఇప్పుడు దారం ఇంకోసారి బిగించి చూసుకున్నాడు.

“ఇంతమందికి కట్టావు కదా,” అంది కూతురు, దారం వదలకుండా. “మళ్ళీ కలిసిపోయాం, గోడ తీసేయమని ఎవరైనా పిలిచారా?”

మేస్త్రీ ఇల్లిల్లూ గుర్తు చేసుకున్నాడు. పెచ్చులూడాయని పిలిచినవాళ్ళున్నారు. అవతలివాళ్ళ దగ్గు వినబడుతోంది, గోడ ఇంకాస్త మందం చెయ్యమన్నవాళ్ళున్నారు.

“లేదమ్మా. ఒక్కరు కూడా పిలవలేదు.”

“మరి నాకెందుకు కడుతున్నావు?”

ఇన్నేళ్ళూ కాపురాలు నిలబెట్టాననుకున్నాడు. ఏ ఇంట్లోనూ నిలబెట్టిందేమీ లేదు. లేచి దారం ఉండ చుట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.

“నేను కట్టను బాబూ. నువ్వూ చిన్నవాడివే, అదీ చిన్నదే. కోర్టుకెళ్దాం. నేనూ వస్తా.”

అల్లుడు కుర్చీలోంచి లేచాడు. సరే మామయ్యా అన్నాడు. ఆ మాట అన్నాక అతని మొహం తేటపడింది. అది చూసి మేస్త్రీకి అల్లుడి మీద కూడా జాలేసింది.

తరవాతి ఏడాది లెక్కలు పేపర్లో పడేసరికి ఎగువవాళ్ళ అంకె కొద్దిగా పెరిగింది. సెలూనాయన మేస్త్రీ గడ్డానికి నురగ పూసి, పేపరు చదివి, కాలం చెడిపోయిందని, ఎవరి పిల్లలో గానీ పెంపకం అలా ఉందని బాధపడ్డాడు. మేస్త్రీ అతని చేతిలో కత్తి తన చెంప మీంచి పైకి లేచేదాకా ఆగాడు.

“అందులో ఒకటి మా అమ్మాయిది,” అన్నాడు.

సెలూనాయన ఒక చెంప గీసి, రెండో చెంప గీసి, మొహం తుడిచి, తువ్వాలు దులిపాడు. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించి అడిగాడు.

“కోర్టుకి ఏ బస్సెక్కాలి మేస్త్రీ?”