కాలువగట్టు మీద రాముడి దండం

యానాం దారిలో పరాసువారి, అంటే ఫ్రెంచివారి, ఏలుబడికీ ఇంగ్లీషువారి ఏలుబడికీ నడుమ ఒక పిల్లకాలువ. ఇంగ్లీషువారి పక్క గంగిరెద్దులవాళ్ళ పాకలు పది. ఊరూరా తిరిగే జనం, వానాకాలమే అక్కడ కాపురం. కల్లుకుండ కాలువ దాటినా, ఉప్పుమూట దాటినా రెండు పక్కల బంట్రోతులూ కర్రలు తీసేవారు. పాకలవాళ్ళు ఇద్దరికీ దండాలు పెట్టి నెట్టుకొచ్చేవారు.

సూరమ్మ మొగుడు పోయాక డోలు తనే మెడలో వేసుకుంది. ఆడదానికి గంగిరెద్దేమిటని కులపెద్ద పెదబాబు మాటలు మానేశాడు. "మానెయ్ మావా, నా ఎద్దు మాటాడుద్ది" అంది. ఆ ఎద్దు రాముడు. ఆమెకున్న పొలం పుట్రా అతనే.

కోతలు రెండు రోజుల్లో మొదలవుతాయనగా రాముడు తాడు తెంచుకుని, కాలువ దాటి అవతలి వరిచేలో పడ్డాడు. పరాసు బంట్రోతు లోవరాజు పట్టుకుని గట్టెక్కించాడు, బందెలదొడ్డికి తోలతానన్నాడు. దొడ్డిలో పడితే బయటికొచ్చేసరికి కోతలైపోతాయి. కళ్ళాల్లో ఎద్దు ఆడితే పెట్టే గింజలే ఆ యేటి తిండి, అది పోయినట్టే. సూరమ్మ మెడలో డోలుతోనే పరుగున కాలువ దాటింది.

"వదిలెయ్యండి బాబుగారూ, తెలీనిది."

"దానికి తెలీకపోతే నీకు తెలీదా? ఇది పరాసు మట్టి."

ఇవతలి నుంచి ఇంగ్లీషు బంట్రోతు పల్లంరాజు అందుకున్నాడు. "ఆ గట్టు మాదండి."

"మీ తాతగారిచ్చారేంటండి?"

అండి లేకుండా తిట్టుకోవడం ఇద్దరికీ చేతకాదు.

సూరమ్మ డోలు మీద చెయ్యి వేసింది. "రాముడూ, లోవరాజు బాబుగారికి దండం పెట్టరా." రాముడు ముందుకాళ్ళు మడిచి వంగాడు. లోవరాజు మీసం దువ్వుకున్నాడు. "చూశారా, ఎవరి మట్టో ఎద్దుకి తెలుసు."

ఆపైన తాడు లాగాడు. రాముడు కదలలేదు. నెట్టాడు. రాముడు నెమరు వేశాడు.

"ఏంటే దీని జబ్బు?"

"జబ్బు కాదండి, చదువు. వీపు మీద గుడ్డ పడందే లేవడు."

లోవరాజు ఒంటి మీద ఇవ్వదగిన గుడ్డ ఎర్ర తలపాగా ఒక్కటే. "ఇది సర్కారుదే."

"దండం సర్కారుకే కదండి."

ఎండ మండిపోతోంది. లోవరాజు తాడు వదిలి, రెండు చేతులా తలపాగా విప్పి కప్పాడు. రాముడు లేచాడు. గుడ్డ పుచ్చుకున్న ఇంటి దగ్గర గంగిరెద్దు ఆగదు, తరువాతి ఇంటికే పోతుంది. కాలువలో దిగి, పల్లంరాజు ముందుకెళ్ళి వంగాడు. పల్లంరాజు నవ్వుతూ భుజం మీది తువ్వాలు కప్పాడు. తరువాతి ఇల్లు సూరమ్మ పాకే.

"నా తలపాగా" అన్నాడు లోవరాజు గట్టు మీంచి.

"వచ్చి పుచ్చుకోండి" అన్నాడు పల్లంరాజు. "ఇది మా మట్టండి."

లోవరాజు కాలువ వంక చూశాడు గాని దిగలేదు. మూడో రోజు పొద్దున్నే సూరమ్మ డోలు వాయిస్తూ ద్రాక్షారామం దారి పట్టింది. ముందు రాముడు, ఆ వీపు మీద పరాసు సర్కారు ఎర్రగా మెరుస్తూ.