నడవకండి ఆంటీ, ప్లీజ్!

మొన్న శనివారం పొద్దున్న అమెరికాలో, ఎడిసన్ దగ్గర మాల్‌లో ఒకమ్మాయి "నడవకండి ఆంటీ, మీ కాళ్ళు పట్టుకుంటా!" అని అరుస్తూ ఆంటీల వెనక పరిగెత్తింది. ఆ అమ్మాయి నేనే. చదివేదేమో పబ్లిక్ హెల్త్!

అసలు సంగతేంటంటే, నా మాస్టర్స్ థీసిస్ మన తెలుగు ఆంటీల చేత వాకింగ్ చేయించడం మీద. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్న ఆంటీల పేర్లు చీటీలు వేసి రెండు గ్రూపులు చేశా. ఒక గ్రూప్‌కి అడుగులు లెక్కపెట్టే మీటర్లు ఇచ్చి, సాయంత్రాలు నేనే నడిపించాలి. రెండోది కంట్రోల్ గ్రూప్. వాళ్ళు ఏమీ చెయ్యకూడదు, ఎప్పట్లానే ఉండాలి. చివర్లో రెండు గ్రూపుల బరువులూ పోల్చి, నా వాకింగ్ పనిచేసిందని చూపిస్తే డిగ్రీ వస్తుంది. ఇంతకంటే ఈజీ ఏముంది అనుకున్నా, పిచ్చిమొహం దాన్ని!

కంట్రోల్ గ్రూప్‌లో పడ్డ సత్యవతి ఆంటీ ఆ రోజే నన్ను పట్టుకున్నారు.

"ఏమ్మా, ఎదురింటి సునీతకి మీటర్ ఇచ్చి నాకివ్వలేదేం? నేను నడవలేననుకున్నావా?"

"అయ్యో, అది లాటరీ ఆంటీ! మీరు మామూలుగా ఉంటే చాలు."

"మామూలుగా ఉండటానిక్కూడా నీ పర్మిషన్ కావాలా!"

అయినా కాఫీ ఇచ్చే పంపించారు. కాఫీ ఇచ్చారు కదా, కోపం పోయిందనుకున్నా.

సెమిస్టర్ మధ్యలో అందరి బరువులూ చూద్దును కదా, అంతా తలకిందులు! నా గ్రూప్ వాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే. వాకింగ్ అయ్యాక రోజూ ఎవరో ఒకరింట్లో పకోడీలు, మరి! కంట్రోల్ గ్రూప్ మాత్రం అందరూ తగ్గారు. మెషీన్ పాడైందేమోనని నేను ఎక్కి చూశా. బాగానే పనిచేస్తోంది, నా ఖర్మ.

సునీత ఆంటీని అడిగితే, "వాళ్ళు రోజూ పొద్దుగాల మాల్‌ల నడుస్తున్నరు గదా, నీకు తెల్వదా?" అన్నారు.

ఇంకేముంది, శనివారం షాపులు తెరవకముందే అక్కడికి వెళ్ళా. స్నీకర్లు వేసుకుని ముందు సత్యవతి ఆంటీ, వెనక కంట్రోల్ గ్రూప్ మొత్తం! నా థీసిస్ కళ్ళముందే నడిచి వెళ్ళిపోతోంది.

"ఆగండాంటీ! మీరిలా నడిస్తే నా డిగ్రీ పోతుంది!"

"మాట్లాడాలంటే నడుస్తూ మాట్లాడు," అన్నారు ఆవిడ, ఆగకుండా.

నడిచా. పరిగెత్తా. ఫుడ్ కోర్ట్ దగ్గర ఆయాసంతో కూలబడింది మాత్రం నేనొక్కదాన్నే. ఆంటీ తన నీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టి, "రేపట్నుంచి మాతో రామ్మా. ఆ సునీత బ్యాచ్‌తో తిరిగితే నీకేం ఎక్సర్‌సైజ్ అవుతుంది, పాపం!" అన్నారు.

సోమవారం వెళ్ళి మా ప్రొఫెసర్‌కి అంతా చెప్పా. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "అసలు థీసిస్ ఇదే! నువ్వు వదిలేసినవాళ్ళు ఎందుకు నడిచారో రాయి," అన్నారు. హమ్మయ్య, డిగ్రీ దక్కింది! ఎంత సంతోషమో చెప్పలేను. వెంటనే ఇండియాకి, అమ్మకి ఫోన్ చేశా.

"పక్కవాళ్ళ మీద రోషం వస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళే నడుస్తారమ్మా! నేనే కనిపెట్టా!"

"ఇది కనిపెట్టడానికి అమెరికా దాకా వెళ్ళావా? పక్కింటి శ్రావణిని పొగిడే కదే నీ చేత ఎక్కాలు బట్టీ పట్టించింది!"

థీసిస్ చివర రిఫరెన్సుల్లో మా అమ్మ పేరు ఎలా రాయాలో, ఇప్పుడు మళ్ళీ ప్రొఫెసర్‌నే అడగాలి.