పుస్తెల కింద పుండు

మొదట దురద పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎండాకాలం, పెళ్ళిళ్ళ సీజను. నెల్లిమర్లలో మా ఇంటి ముందుగదే నా టైలరింగు షాపు. ఒక పెళ్ళివారి జాకెట్లు ఆ సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. కుడిచేత్తో గుడ్డ తోస్తూ, ఎడంచేత్తో గుండెల మీద గోక్కుంటున్నాను. మా అత్త చూసి, "ఏటే అలగ గోక్కుంతన్నావు? సెమటకాయలు పేలుంతాయి, గంధం రాయి" అంది. రాశాను. ఆ పూటకి హాయిగానే ఉంది. మర్నాటికి మళ్ళీ మామూలే.

వారం తిరిగేసరికి సరిగ్గా పుస్తెలు ఆనే చోట రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా లేచి, నీరు కారడం మొదలైంది. అత్త ఈసారి సర్పి అని తేల్చేసి వేపాకూ పసుపూ నూరి పట్టించింది. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో మాయం! మానేస్తే నాలుగో రోజుకి రెట్టింపు, పైగా గొలుసు వెంట మెడ చుట్టూ పాకింది. ఆ ట్యూబుతో నాలుగు నెలలు కాపురం చేశాను. చర్మం అక్కడక్కడ పల్చబడి, అక్కడక్కడ నల్లగా అట్టకట్టింది. కొలతలు తీసుకోవడానికి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు నా మెడ వైపు చూసి వెనక్కి జరిగేవాళ్ళు. "అంటుకుంతాదేటి?" అని ఒకావిడ మొహం మీదే అడిగేసింది. ఆ రోజు షాపు తలుపేసుకుని ఏడ్చాను.

మా ఆయన పోరు పడలేక విజయనగరంలో స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చూసీ చూడగానే, "ఇది కాంటాక్ట్ డెర్మటైటిస్ అమ్మా. ఒంటికి తగిలేదేదో మీకు పడటం లేదు. నికెల్ అని నా అనుమానం. ఈ గొలుసు బంగారమేనా?" అని అడిగింది.

కాదు. దొంగలు మెడలో గొలుసులు తెంపుకుపోతున్నారని అసలుది బ్యాంకు లాకర్లో దాచి, పుస్తెలని గిల్టు గొలుసుకి వేసుకున్నాను. "పైపూత చెమటకి అరిగిపోతే లోపలి నికెల్ చర్మానికి తగులుతుంది. ఆ ట్యూబు స్టెరాయిడ్, అది ఆపండి. నేనిచ్చింది చెప్పినన్నాళ్ళే రాయండి. పుండు మానేదాకా, ఒక మూడు వారాలు, మెడలో అసలేమీ వద్దు" అంది డాక్టరు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఆయన కరెంటు లైన్‌మేన్. రోజూ స్తంభాలెక్కే మనిషి. పుస్తెలు తీయాలట అని ఇంట్లో చెప్పగానే అత్త గయ్‌మంది. "నా కొడుకు రోజూ యముడి పక్కనుంచి ఎల్లొస్తన్నాడు. నువ్వు పుస్తెలు తీసెత్తానంతావేటే? నోరెలా వచ్చిందే నీకు?"

మా ఆయన నవ్వేశాడు. "అమ్మా, నా పానం లైను ఆపినోడి సేతిలో ఉన్నాది గానీ దీని మెళ్ళో నేదే" అన్నాడు. ఆవిడ వింటేగా! నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. డిగ్రీ చదివాను, అయినా భయమే. అందుకని డాక్టరుకి చెప్పకుండా మధ్యేమార్గం ఒకటి చూసుకున్నాను. లాకర్లోంచి బంగారు గొలుసు తెచ్చి పుస్తెలు దానికి మార్చుకున్నాను. తీయడం మాత్రం తీయలేదు.

పది రోజులు కాస్త తగ్గినట్టే ఉంది. తర్వాత మళ్ళీ నీరు. మెడ చుట్టూ బాగానే మానింది గానీ కింద పుస్తెల దగ్గర పుండు అలాగే ఉంది. "బంగారం కూడా పడదంతాదేటి ఆ డాక్టరమ్మ?" అని అత్త దెప్పింది. నాకూ ఒళ్ళు మండి, డాక్టరు దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా, "ప్యాచ్ టెస్ట్ చేద్దాం. ఏది పడదో అప్పుడు తెలిసిపోతుంది" అంది.

వీపు నిండా చిన్న చిన్న బిళ్ళలు అంటించారు. తడి తగలకూడదు, చెమట పట్టకూడదు. మిషను ముట్టుకోకుండా విసనకర్రతో కూర్చున్నాను. రెండు రోజులకి బిళ్ళలు తీసి చూశారు, నాలుగో రోజు మళ్ళీ చూశారు. నికెల్ పెట్టిన చోట బొబ్బలు లేచాయి. "స్ట్రాంగ్ పాజిటివ్" అంది డాక్టరు. బంగారం పెట్టిన చోట ఏమీ లేదు.

"ఇప్పుడు బంగారమే వేసుకున్నానండీ!" అన్నాను.

"ఏదీ, మొత్తం బయటికి తీసి చూపించండి."

అంతకుముందు సిగ్గుకొద్దీ పుస్తెలు జాకెట్టులోకి దోపుకుని, పుండూ మెడ దగ్గర గొలుసూ మాత్రమే చూపించాను. ఈసారి జాకెట్టులోంచి మొత్తం లాగాను. పుస్తెలతో పాటు గలగలమంటూ ఏడు పిన్నీసులు వచ్చాయి.

డాక్టరు నా మొహంలోకి చూసింది. "ఇవెప్పటినుంచి ఉన్నాయి?"

"పెళ్ళైన కొత్త నుంచీనండి. అందరికీ ఉంటాయి కదండీ."

మన ఆడవాళ్ళకి పిన్నీసులు పెట్టుకునే చోటు పుస్తెలతాడే. పైగా నేను టైలర్ని, చేతికందేలా మరో నాలుగు ఎక్కువ. ఏ నగలు వేసుకుంటారు అని డాక్టరు అడిగింది గానీ పిన్నీసు నగేమిటి? గొలుసు మార్చినప్పుడు ఆ ఏడింటినీ ఒక్కొక్కటే జాగ్రత్తగా కొత్త గొలుసుకి తగిలించుకున్న తెలివైనదాన్ని నేను!

ఆవిడ దూదిపుల్ల మీద రెండు చుక్కల మందు వేసి పిన్నీసుకి రుద్దింది. దూది గులాబీ రంగుకి తిరిగింది, అంటే నికెల్ ఉన్నట్టట. పుస్తెలకీ గొలుసుకీ రుద్దితే తెల్లగానే ఉంది. "మా అమ్మ మెళ్ళోనూ ఉంటాయి, నాకే తట్టలేదు చూడండి. ఏళ్ళ తరబడి పడిన లోహం కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి పడకుండా పోతుంది" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "కానీ పుండు పచ్చిగా ఉంది. బంగారమైనా రాపిడి వద్దు. మూడు వారాలని మొదటే చెప్పాను."

అక్కడే తీసి పర్సులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక మెడ చుట్టూ కొంగు కప్పుకుని తిరిగాను. మా ఆయన డ్యూటీకి వెళ్ళిన దగ్గర్నుంచి బండి చప్పుడు వినబడేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఏదో ఒక వంక పెట్టి గంటకోసారి ఫోను చేసేదాన్ని.

మూడో రోజు మందు రాసుకుంటుంటే అత్త వచ్చేసింది. బోసిమెడ చూసింది. ఇంక ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. ఆవిడ నా చేతిలో ట్యూబు తీసుకుని, పక్కన కూర్చుని, పుండు మీద తనే రాసింది. తర్వాత మెల్లగా అంది:

"నా మెళ్ళో ముప్పై రెండేళ్ళు ఉన్నాయే. పురిటి మంచం మీద కూడా తీయనేదు. ఆగినాడేటి మీ మావ?"

మా మావగారు పోయి ఆరేళ్ళు. ఆవిడ మెడ ఆరేళ్ళుగా ఖాళీగానే ఉంది.

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు తీయనివ్వలేదు అత్తా?" అన్నాను.

"బయమే. బయానికి బుద్దుంతాదేటి?" అంది. ఇద్దరం ఏడ్చాం.

మూడు వారాలు అన్నది నాకు ఐదు వారాలు పట్టింది. మానాక మా ఆయన చేత పుస్తెలు మళ్ళీ వేయించింది కూడా అత్తే. గోధుమరంగు మచ్చ ఇప్పటికీ ఉంది. ఎలర్జీ పోదు, జన్మంతా ఉంటుందని డాక్టరు చెప్పింది. ఇరవై రెండు క్యారెట్ల బంగారం, మంచి వెండి నాకు పడుతున్నాయి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదని, నికెల్ ఉంటుందని తెలిశాక కాలి మట్టెలు మార్చేశాను. తెల్ల బంగారం కొంటే నికెల్ కలిపారేమో అడగమంది. నా జాకెట్లకి హుక్కులు మానేసి గుడ్డ బొత్తాలు కుట్టుకుంటున్నాను. పిన్నీసులు మిషను మీద డబ్బాలో ఉంటాయి.

దురద పెడితే నగలొక్కటే చూసుకోకండి. గడియారం బకిలు, హుక్కు, పిన్నీసు, ఒంటికి తగిలేదంతా తీసి డాక్టరు ముందు బల్ల మీద పెట్టండి. పుస్తెలు తీయమంటే అవీ తీయండి. తీయమన్నాక కూడా తీయలేక నేను ఇంకో నెల పుండు మోశాను. ఆ పుండు మా ఆయన ఆయుష్షుకి ఒక్క రోజు కూడా కలపలేదు.