స్తంభం ఎక్కే ముందు ప్రార్థన

2019లో చోడవరం దగ్గర ఒక సెక్షన్‌కి విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చాను. అప్పటికింకా అది విశాఖపట్నం జిల్లాయే. మాది తెనాలి. ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా అంతవరకూ ఎస్టిమేట్లు వేసే సీట్లోనే కూర్చున్నాను. మనుషుల్ని స్తంభాలు ఎక్కించి పని చేయించడం నాకు అదే మొదలు. సెక్షన్ అంటే నలుగురైదుగురు లైన్‌మెన్లు, ఒక జీపు, చెరుకు తోటల మధ్యనుంచి, వరి మళ్ల మధ్యనుంచి మైళ్ల కొద్దీ సాగే పదకొండు వేల వోల్టుల తీగలు. గాలివాన వచ్చిందంటే వాటిలో ఏదో ఒకటి తెగేది.

మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ నుంచి ఒక్కో వైపుకి వెళ్లే లైన్ని ఫీడరు అంటాం. ఫలానా ఫీడరు మీద పని ఉందని మేం ఫోన్ చేస్తే, అక్కడి ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, ఒక నంబరు ఇస్తాడు. అదే లైన్ క్లియర్. అది చేతికి వచ్చాక కూడా డిశ్చార్జి రాడ్డు అనే పొడవాటి కర్రతో తీగని తాకించి, భూమికి కలిపి, లైను నిజంగా చచ్చిందని రూఢి చేసుకున్నాకే మనిషి పైకి ఎక్కాలి. పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. ఎండలో, జనం మీద పడి అరుస్తున్నప్పుడు రెండో వాక్యం చాలా పొడుగ్గా కనిపిస్తుంది.

మా సీనియర్ లైన్‌మన్ దేవదానం గారు. యాభై దాటిన మనిషి, బక్కపలుచగా, మాట తక్కువ. కె.కోటపాడు వైపు చెరుకు కోతలకు వెళ్లే కుటుంబం వాళ్లది. ఊళ్లో చిన్న చర్చి ఉంది, మందిరం అంటారు, ఆదివారం అక్కడే ఉండేవారు. ఆయనకొక అలవాటు. ఏ స్తంభం దగ్గరికి వెళ్లినా పని మొదలుపెట్టే ముందు టోపీ తీసి, కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసేవారు. ఆ నిమిషం డ్రైవరు జీపు ఇంజను ఆపేసేవాడు. గ్యాంగులో మిగతావాళ్లంతా హిందువులే, అయినా మాటలాపి నిలబడేవారు.

నాకది చిరాగ్గా ఉండేది. మొదటి నెలలోనే, ప్రార్థన ఇంటి దగ్గర చేసుకుని రావచ్చు కదా అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు.

"ఇంటికాడ చేసే వస్తన్నానండి మేడమ్. అది ఇంటికాడిది. ఇది ఇక్కడిది."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ప్రతిసారీ వాచీ చూసుకునేదాన్ని, ఆయనకు కనబడేలా.

ఆ మే నెలలో ఒక సాయంత్రం గాలి కొట్టింది. బుచ్చయ్యపేట వైపు రెండు చోట్ల లైన్లు పోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి ఒకటి మిగిలింది. ఒక ఊరికి ముందురోజు నుంచి కరెంటు లేదు, మంచినీళ్ల మోటారు ఆగిపోయింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. మా పై అధికారి పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తున్నారు. వెతగ్గా వెతగ్గా, ఊరికి కొంచెం ఇవతల చెరుకు తోట గట్టున ఉన్న స్తంభం మీద జంపరు, అంటే ఇటు తీగని అటు తీగకి కలిపే చిన్న ముక్క, తెగి వేలాడుతూ కనిపించింది. పావుగంట పని.

నేను సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఒకటో ఫీడరు మీద లైన్ క్లియర్ తీసుకున్నాను. నంబరు రాసుకున్నాను. దేవదానం గారు డిశ్చార్జి రాడ్డు మొదటి చోట పని చేసిన గ్యాంగు దగ్గర ఉండిపోయిందని, ఒక్క ముప్పావుగంట ఆగితే తెప్పిద్దామని అన్నారు. మా చుట్టూ అప్పటికే ఇరవై మంది చేరారు. ఒకాయన నా మొహం మీదికి వచ్చి, మీ ఇంట్లో నీళ్లొస్తున్నాయా అని అడిగాడు.

"లైన్ క్లియర్ ఉంది కదా. ఎక్కించండి," అన్నాను.

దేవదానం గారు నా వైపు ఒకసారి చూసి తలూపారు. ఎక్కాల్సింది అప్పలనాయుడు, మా జూనియర్ లైన్‌మన్. ముప్పై ఏళ్లవాడు, హుషారైనవాడు, బెల్టు కట్టుకుని అప్పటికే స్తంభం దగ్గరికి నడుస్తున్నాడు. దేవదానం గారు చెయ్యెత్తి ఒక్క నిమిషం అన్నారు. డ్రైవరు ఇంజను ఆపాడు. మనం మాట్లాడితే ఆలస్యమే అన్నట్టు జనం కూడా గొణుక్కుంటూ తగ్గారు. నేను వాచీ చూసుకున్నాను.

ప్రార్థనలో ఎప్పుడూ ఆయన పెదాలు కదిలేవి. ఆ రోజు కాసేపు కదిలి ఆగిపోయాయి. ఆయన తల కొద్దిగా పక్కకి వంచారు, దూరంగా ఎవరో పిలిస్తే వినేవాడిలా. తర్వాత కళ్లు తెరిచి, గొంతు పెంచకుండానే అన్నారు.

"నాయుడూ, స్తంభం ముట్టుకోకు. ఎనక్కి రా."

అప్పలనాయుడు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఏమైందని నేను అడిగితే ఆయన తోట వైపు చూపించారు. సబ్‌స్టేషన్ వైపు పక్క స్తంభం దగ్గర, చెరుకులో సగం మునిగి, పొలం మోటార్ల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ఉంది.

"అది మోగతన్నాది మేడమ్. ఇనండి."

విన్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత తుమ్మెద రొదలాంటి సన్నని మోత, ఆగకుండా. కరెంటు ఉన్న ట్రాన్స్‌ఫార్మరు అలాగే మోగుతుంది. లైను ఆగి ఉంటే అది మోగకూడదు.

వెంటనే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఒకటో ఫీడరు ఆపే ఉందని ఆపరేటరు చెప్పాడు. మరి రెండో ఫీడరు అంటే, అది నడుస్తోంది, దాని మీద మీరు అడగలేదు కదా అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట ఒకటో ఫీడరు మీద లోడు ఎక్కువైందని ఈ ఊరికి వెళ్లే లైన్ని విడదీసి రెండో ఫీడరుకి కలిపించాం. ఆ కాగితం మీద సంతకం నాదే. జీపులో పెట్టుకునే స్కెచ్‌లో మాత్రం మార్చలేదు. రేపు మారుద్దాం అనుకున్నాను, అంతే.

రెండో ఫీడరు ఆపమన్నాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆపేశానండి అని ఆపరేటరు అనగానే తోటలో ఆ మోత ఆగిపోయింది. అక్కడున్న అందరికీ తెలిసింది. నేను రెండో ఫీడరు లైన్ క్లియర్ నంబరు రాసుకున్నాను. అప్పలనాయుడు బెల్టు విప్పి నీళ్ల సీసా ఎత్తాడు గానీ, సగం నీళ్లు చొక్కా మీదే పోసుకున్నాడు. ఇందాక నా మీదికి వచ్చిన పెద్దాయనే జనాన్ని వెనక్కి పంపించి, ఎంత సేపైనా పరవాలేదు, కుర్రోడు బాగుంటే చాలన్నాడు.

ఈసారి రాడ్డు వచ్చేదాకా ఆగాం. ఆ ముప్పావుగంటలోనే దేవదానం గారితో నేను మొదటిసారి నిజంగా మాట్లాడాను. నాది తప్పయిపోయిందని చెప్పాను. ఆయన ప్రార్థనే అప్పలనాయుణ్ణి కాపాడిందని కూడా అన్నాను, నా మాటకి ఆయన సంతోషిస్తారనుకుని. ఆయన మొహం చిన్నబోయింది.

"అలాగనకండి మేడమ్. ప్రార్థన చేసేము కాబట్టి బతికేము అంటే, సన్యాసి ఇంట్లోవాళ్లకి నేనేటి సెప్పాలి?"

సన్యాసి ఎవరో అప్పుడు చెప్పారు. ఇరవయ్యేళ్ల కిందట ఇద్దరూ ఒకే గ్యాంగు. అన్నదమ్ముల్లా ఉండేవారు. ఒక ఉదయం దేవదానం గారు మందిరంలో ఇద్దరి పేర్లూ చెప్పి, క్షేమంగా ఇంటికి చేర్చమని మోకరించి అడిగి వచ్చారు. ఆ మధ్యాహ్నం సన్యాసి లైను మీదే పోయాడు. ఈయనే తన చేతులతో కిందికి దింపారు. ఆ తర్వాత రెండేళ్లు దేవదానం గారు ప్రార్థన మానేశారు. అడిగింది ఇవ్వనివాడిని ఇంకేం అడగాలి అనుకున్నారు. మందిరానికి వెళ్లి కూర్చునేవారు, అందరూ తల వంచితే ఆయన గోడ చూసేవారు.

వాళ్లమ్మ మాత్రం రోజూ తెల్లారే లేచి ప్రార్థన చేసేది. ఒకరోజు ఆవిణ్ణి నిలదీశారట, ఇన్నేళ్లు చేసి నువ్వేం సంపాదించేవని. ఆవిడ ఆలోచించి, ఏం వచ్చిందో నాకు తెలీదు గానీ ప్రార్థన చేసి లేచాక పక్కింటిదానితో తగువుకి పోబుద్ధి కాదు, చెయ్యకపోతే పోతాను అందట. చెబుతూ దేవదానం గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట అదే మొదటి నవ్వు.

ఆ మాట పట్టుకునే మళ్లీ మొదలుపెట్టానన్నారు. మొదట అడగడానికి నోరు రాలేదు. ఊరికే మోకాళ్ల మీద ఉండేవారు. పాస్టరు గారు దాన్ని 'కనిపెట్టుకుని ఉండటం' అంటారని, అదీ ప్రార్థనేనని చెప్పారట. దేవుడి ఎదుట మాటలన్నీ అయిపోయాక, లేచి పోకుండా, ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండటం. నాకు తెలిసిన కనిపెట్టడం అంటే దేన్నో పసిగట్టడం. ఆయన చెబుతుంటే ఆ రెండూ అంత దూరం కావనిపించింది.

ఇందాక స్తంభం దగ్గర ఏమని ప్రార్థించారని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డారు.

"మీ మీద కోపమొచ్చిందండి. రాడ్డు కోసం ఆగమంటే ఆగలేదు కదా. ఈ కోపం నా సేతిలో ఉంటే పని పాడైపోద్ది, తీసెయ్యి తండ్రీ అన్నాను. అది పోయేక మనసు నెమ్మదైంది. అప్పుడు ఇనబడ్డాది."

 ఆయనే మళ్లీ అన్నారు.

"ప్రార్థన చేస్తే కరెంటు ఆగదు మేడమ్. నేను ఆగుతాను. అది సాలు నాకు. క్షేమం కూడా అడుగుతాను, అడగొద్దని ఆయన సెప్పలేదు కదా. ఇచ్చేడా ఇవ్వలేదా అని మాత్రం లెక్క సూడను."

రాడ్డు వచ్చింది. తాకించాం, భూమికి కలిపాం. అప్పలనాయుడు ఎక్కడానికి వెళుతూ తనే వచ్చి దేవదానం గారి పక్కన తల వంచి నిలబడ్డాడు. పావుగంటలో జంపరు కట్టి దిగాడు. ఊళ్లో మోటారు నడిచి ట్యాంకులోకి నీళ్లు పడ్డాయని కబురొచ్చినప్పుడు మేం జీపులో ఉన్నాం. అప్పలనాయుడు వెనక సీట్లో నిద్రపోతున్నాడు. నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి అతని ఊపిరి చూసుకున్నాను.

జరిగింది నేనే రాసి పై అధికారికి ఇచ్చాను. మెమో వచ్చింది, రావలసిందే. స్కెచ్‌లన్నీ ఆ వారంలోనే దిద్దించాను. ప్రతి గ్యాంగుకీ దాని రాడ్డు దానికుండేలా చేశాను.

ఆ ఆదివారం దేవదానం గారు పిలిస్తే వాళ్ల మందిరానికి వెళ్లాను. రేకుల కప్పు కింద ముప్పై మంది ఉంటారు. దేవుడు చేసిన మేలు గురించి నలుగురి ముందు చెప్పడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు. కబురు అప్పటికే పాకింది. దేవుడు ట్రాన్స్‌ఫార్మరు చేత మాట్లాడించాడని ఒకావిడ నా పక్కనే అంటోంది. దేవదానం గారు లేచి నిలబడ్డారు. నా తప్పు చెబుతారని గుండె దిటవు చేసుకున్నాను. చెప్పలేదు. మా పనిలో ఒక పొరపాటు జరిగింది అన్నారు, అంతే. ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడూ మోగుతూనే ఉంటుందని, ఆ రోజు వినే చెవి ఇచ్చినందుకు స్తోత్రమని చెప్పి, సన్యాసి భార్యాపిల్లల పేర్లు చెప్పి వాళ్ల కోసం ప్రార్థన చేయమని అడిగి కూర్చున్నారు. మందిరం అంతా తల వంచింది. వాళ్ల ప్రార్థన మాటలు నాకు రావు. సన్యాసి భార్యాపిల్లల పేర్లు మాత్రం మనసులో అనుకున్నాను.

నేను క్రైస్తవురాలిని కాలేదు. అవుతానని ఆయనా ఎదురుచూడలేదు. అంతకుముందు ప్రార్థన అంటే మన పని మనం చేయలేక పైవాడి మీద వేయడం అనుకునేదాన్ని. ఆ మనిషి ప్రార్థన ఆయన్ని పని దగ్గరికే తెచ్చి నిలబెట్టింది. కోపంలో ఉన్నవాడిని, తొందరలో ఉన్నవాడిని, ఎదురుగా ఉన్నదాన్ని వినగలిగేవాడిగా చేసింది. ఒక్కసారి నా కళ్లెదుట దానివల్ల ఒక మనిషి బతికాడు. ఇంకోసారి బతకకపోయినా ఆయన దాన్ని మానరని కూడా నాకు తెలిసింది.

దేవదానం గారు పోయినేడు రిటైరయ్యారు, రెండు చేతులూ రెండు కాళ్లూ క్షేమంగా. నేనిప్పుడు వేరే సెక్షన్‌లో ఉన్నాను. పొద్దున్న ఏడింటికి ఆయన దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. కుశలం అయ్యాక ఒకటే అడుగుతారు, ఈయాల పని ఏ లైను మీద, ఎవరెవరు ఎక్కుతన్నారు అని. పేర్లు తెలిస్తేనే ప్రార్థన సరిగా చెయ్యగలనంటారు. ఆయనకి తప్పు చెప్పకూడదు కాబట్టి రిజిస్టరు తెరిచి, స్కెచ్ ముందు పెట్టుకుని, ఫీడరు నంబరు, ఎక్కే మనుషుల పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపిస్తాను. ఆయన నిదానంగా తిరిగి అంటారు. అంతా సరిపోయాక ఫోన్ పెట్టేసి, అక్కడ ఆయన మోకరిస్తారు. ఇక్కడ నేను మావాళ్లని పనికి పంపిస్తాను.